వందేళ్ల బ్యానరు

మొన్న బీరువా సర్దుతుంటే పాత మాస్కుల కట్ట ఒకటి బయటపడింది. అలాంటి మాస్కొకటి మూతికి కట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని, బొంబాయి నుంచి వచ్చిన పార్సిలు ముందు మంత్రసానిలా నిలబడ్డ మావారు కళ్ల ముందు మెదిలారు.

మావారిది సూరత్‌లో బ్యాంకు ఉద్యోగం. అందరూ స్టాంపులు పోగేస్తే, ఈయన మూకీల కాలం నాటి వైజ్ఞానిక సినిమాల ప్రచార కాగితాలు పోగేశారు. కోటూ టోపీ పెట్టుకుని రాకెట్టెక్కే దొరలు, గాజుబుడ్డిలో మెరుపులు పట్టే శాస్త్రవేత్తలు. ముప్ఫై ఏళ్లలో నలభై కరపత్రాలు. వాటికోసం నా పట్టుచీరలు పై అర ఖాళీ చేసి కింది అరకు దిగాయి. నాకు ఒళ్లు మండేది. అయినా వాటిని చూసుకునేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతుంటే ఆయన్ని అనలేక, ఆ కాగితాల్నే తిట్టుకునేదాన్ని.

లాక్‌డౌన్‌లో బొంబాయి ఆసామి ఒకడు ఫోన్లో తగిలాడు. సినిమా హాలు ముందు కట్టిన బ్యానరట, బట్ట మీదే అచ్చు వేశారట, వందేళ్లదట. నలభై కరపత్రాలూ ఇస్తే అదిస్తానన్నాడు. నేను వద్దంటే వింటేగా. కొరియర్లు మళ్లీ తిరగడం మొదలైన రోజే అన్నీ పంపేశారు.

వచ్చిన పార్సిలు మూడు రోజులు బాల్కనీ ఎండలో పడుంది. నాలుగోనాడు విప్పి తీగ మీద ఆరేశారు. చూపించుకోవడానికి మనిషి దొరక్క, పర్వత్ పాటియా పేటలో మేముండే ఇంట్లోనే కింద వాటాలో ఉండే, నన్ను అక్కా అని పిలిచే తెలంగాణ నేతపని తమ్ముణ్ణి పిలిచి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగించారు. కార్ఖానా మూతపడి అతను రెండు నెలలుగా బట్ట ముట్టుకోలేదు. బ్యానరు మీది రాకెట్టు బొమ్మను చూడనే లేదు, తిన్నగా వెళ్లి అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"అక్కా, గిది మా కార్ఖానా బట్టనే. అంచుల గీ పచ్చ పోగు జూడు, మా సేఠ్ గుర్తు గది. నా మిషన్ మీద నేసిందే అయితది," అన్నాడు సంబరంగా.

"వందేళ్లదయ్యా ఇది," అన్నారు మావారు పీలగొంతుతో.

"మా మిషన్లు వచ్చి నాలుగేండ్లే అయింది సార్. జర పట్టుకొని చూడుండ్రి, పాలిస్టర్."

బొంబాయి ఫోను ఎన్నిసార్లు మోగినా ఎవరూ ఎత్తలేదు. మావారు ఖాళీ అయిన పై అర ముందు కుర్చీలో కూలబడ్డారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ కాగితాల్ని తిట్టిన నోటితోనే వాటిని ఎత్తుకుపోయిన వాణ్ణి తిట్టాను. తమ్ముడు మాత్రం తప్పంతా తనదే అయినట్టు గుమ్మంలో నిలబడి, "బట్ట మంచిది సార్, చినగదు," అన్నాడు.

మావారు తల తిప్పి చూశారు. "ఎన్నాళ్లుంటుంది?"

"మనం పోయినా అది పోదు సార్."

"అయితే ఇంకో తొంభై ఆరేళ్లు ఓపిక పడదాం," అన్నారు.

ముందు నవ్వింది నేనే. వచ్చే వారానికి ఎవరం ఉంటామో తెలియని ఆ రోజుల్లో, ముగ్గురం దూరదూరంగా ఉండి, తొంభై ఆరేళ్ల తర్వాతి సంగతి మాట్లాడుకున్నాం.