అమ్మ ఒక్కపొద్దులు

ఒళ్లు చూసి మనిషి తిండి చెప్పలేమన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా తమ్ముని కూతురు. అనంతపురంలో కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. ఆ పిల్ల నోట ఆ మాట పలికించిన అల్లాకు రోజూ శుక్రియా చెప్పుకుంటాను.

మా అమ్మ లావు మనిషి. వాళ్లమ్మ అంతే, నేను అంతే, ఇప్పుడు ఆ పిల్లా అంతే. వానలు లేక వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాని ఏండ్లలో, అందరికీ పెట్టి గిన్నెకు అంటుకున్న సంగటి తిన్నప్పుడు సైతం అమ్మ ఒళ్లు తగ్గలేదు. నాయన అక్క, మా మేనత్త, పక్కింట్లోనే ఉంటుంది. కంది పుల్లలాంటి మనిషి. ఒక రంజాన్ నెలలో ఆడవాళ్లందరూ కూర్చున్న చోట అనేసింది: "ఒక్కపొద్దులుండే ఒళ్లేనా ఇది? లేపాక్షి బసవన్న మాదిరి ఉండాది. యాడో చాటున తింటా ఉంటాది."

ఆ మాట అమ్మ మనసులో దిగబడిపోయింది. అప్పటినుంచి సహరికి పొయ్యి ముట్టించడమే మానేసింది, గిన్నెల చప్పుడు పక్కింటికి వినపడుతుందని. తెల్లవారుజామున తినడం ప్రవక్త నేర్పిన సున్నతే కదా అని నాయన ఎంత చెప్పినా వినలేదు. రెండు గుక్కల నీళ్లు తాగి, ఒక్కపొద్దు ఉంటానని మనసులో నియ్యత్ చేసుకునేది. షుగర్ వచ్చాకా అంతే. పోయిన ఏడు రంజాన్‌లో కొళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకెప్పుడూ ఒక్కపొద్దు ఉండొద్దని, మళ్లీ ఇట్లయితే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పింది. జబ్బు మనిషి ఒక్కపొద్దుకు బదులుగా పేదలకు అన్నం పెట్టవచ్చని మసీదు హజరత్ కూడా చెప్పారు. అమ్మది ఒకటే మాట: "నేను మానేస్తే, ఇన్నేండ్లూ దొంగ ఒక్కపొద్దులే ఉండె అంటారు."

ఈ ఏడు రంజాన్‌కు ముందు ఆ పిల్ల సెలవుకు వచ్చింది. నేను అమ్మ పక్కన కూర్చుని ధర్మవరం పట్టుచీరకు కుచ్చులు కడుతున్నాను. చీర రంగు చూడాలని మేనత్త కూడా వచ్చి కూర్చుంది. కొందరికి లావయ్యే గుణం పుట్టుకతోనే జన్యువుల్లో వస్తుందని పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. బడి ముఖం చూడని నాకు నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు గానీ, ఈ జన్యువులు మా పాఠంలో లేవు. అప్పుడు పిల్ల నా చేతిలోని కొంగు పట్టుకుని, కుచ్చుల ముడులు చూపించింది.

"కణంలో ఉండే దారాలకు గూడా కొసన ఇట్లా ముడులుంటాయత్తా. కణం రెండైనప్పుడల్లా ముడి రవ్వంత అరుగుతాది. బాగా అరిగితే కణం ముసలిదైపోతాది. మన జేజి మాదిరి లావుండే ఆడోళ్లలో, ఆ లావు జన్యువుల వల్ల అది ఇంకా తొందరగా అరుగుతాదేమో అని చూస్తాండారు. ఇంకా తేలలేదు."

అయితే లావు తిండి వల్ల కాదా అని మేనత్త అడిగింది.

"తిండీ కొంత ఉండాది. కానీ ఒళ్లు చూసి ఎవురు తిన్నారో, ఎవురు పస్తున్నారో చెప్పలేము."

ఇది తలరాత కాదని, వేళకు తిని, మందు వేసుకుని, నాలుగడుగులు నడిస్తే ఒంటికి మేలేనని కూడా చెప్పింది. అమ్మ తల వంచుకుని వింది. మేనత్త లేచి వెళ్లిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

రంజాన్ మొదటి రోజు అమ్మ నియ్యత్ చేసుకోలేదు గానీ, ఎవరైనా చూస్తారని ముద్ద ముట్టలేదు. మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉండగా, మేనత్త వీధిలో నుంచి వచ్చింది. రెండు చేతుల్లో గిన్నె, మీద మూత లేదు. వేడి సంగటి, గోంగూర పప్పు. తాను ఒక్కపొద్దులో ఉండి, అరుగుల మీద ఆడవాళ్లందరూ చూస్తుండగా, ఆ వాసన పీల్చుకుంటూ మోసుకొచ్చింది. గిన్నె అమ్మ ముందు పెట్టి వీధికి వినపడేలా చెప్పింది.

"తినుమ్మే. ఎవురన్నా అడిగితే మా వదిన పెట్టిందని చెప్పు. నీ ఒక్కపొద్దులు నిజమైనవి. నేనన్న మాటే తప్పు."

అమ్మ చెయ్యి కడుక్కుని గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత ముద్ద కలుపుతూ అడిగింది: "ఏం వదినా, బసవన్నకు మేత తెచ్చినావా?"

మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. వీధి తలుపు ఆ రోజు మూయలేదు. బిస్మిల్లా అని అమ్మ పట్టపగలు, అందరి ఎదుట, కడుపునిండా తింది. నేను చూసిన పండుగలన్నిటిలోకి పెద్ద పండుగ అదే.

ఆ నెలంతా అమ్మ రోజూ ఒక పేద మనిషికి అన్నం పెట్టింది. ఇప్పుడు సాయంత్రాలు మేనత్త చెయ్యి పట్టుకుని చెరువు కట్ట దాకా నడిచి వస్తుంది. షుగర్ అదుపులోకి వచ్చింది, అల్‌హందులిల్లా.

అమ్మ కోసం దువా చేయడానికి మేమందరం ఉన్నాం. ఇది చదివిన మీరు చేతులు ఎత్తినప్పుడో, జోడించినప్పుడో, ఆ ఎండలో మూత లేని గిన్నె మోసుకొచ్చిన మా మేనత్తను ఒకసారి తలుచుకోండి.