నేను చక్కజేసిన రంపం

నా చిన్నప్పుడు మెదక్‌లో మా ఇంటి గోడను ఆనుకొని పటాలు కట్టే దుకాణం ఒకటి ఉండేది. దేవుళ్ల పటాలు, మక్కా పటాలు, ఏసు పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, అన్నీ అక్కడే చట్రాల్లో కుదురుకునేవి. దుకాణం నడిపే పెద్దాయనను నేను చాచా అని పిలిచేదాన్ని. ఎండాకాలం సెలవులొస్తే పొద్దంతా అక్కడే ఉండేదాన్ని. అప్పుడు నాకు పదేళ్లు. నా నోటికి మాత్రం నలభై.

ఈ నోటి సంగతి ముందే చెప్పాలి. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు నాదన్నవాళ్లతో, దవాఖానలో వరుస తప్పి దూరినవాళ్లతో, కాలేజీలో నాకు పాఠం చెప్పినవాళ్లతో, నేను వాదించని మనిషి లేడు. నువ్వు వకీలువు కావాల్సినదానివి అంటాడు మా ఆయన. అది పొగడ్త కాదని తెలిసీ పొగడ్తగానే తీసుకుంటాను. కానీ ఎవరైనా నా ధైర్యాన్ని నిజంగా మెచ్చుకుంటే నాకు ఒక శుక్రవారం గుర్తుకొచ్చి తల దించుకోవాలనిపిస్తుంది.

చాచా దుకాణంలో గోడకు మూడు రంపాలు వేలాడేవి. పెద్ద పళ్లది టేకు కర్రకు. మధ్యరకం పళ్లది మామూలు చట్రాలకు. సన్న పళ్లది, వెన్నుకు ఇత్తడి పట్టీ ఉన్నది, బంగారు రంగు కర్రకు మాత్రమే. ఆ కర్ర మీది పూత మహా పెళుసు. పెద్ద పన్ను తగిలిందంటే పెచ్చులు లేచిపోతుంది. చాచా కర్రను గోటితో ఒకసారి గీకి చూసి, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపేవాడు. ఏ రంపం అందించాలో నాకు తెలియాలి. తప్పు రంపం ఇస్తే తిట్టేవాడు కాదు. దాన్ని పక్కన పెట్టి, చెయ్యి మళ్లీ అలాగే చాపి ఉంచేవాడు. నెల తిరక్కముందే నేను తప్పు లేకుండా అందించసాగాను. ఆ తర్వాత ఆయన చేతిలోకి వచ్చిన రంపాన్ని చూసుకోవడం కూడా మానేశాడు.

వారానికోసారి, గురువారం నాడు, రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి మూడు పలకల ఆకురాయితో పన్ను పన్నుకూ పదును పెట్టేవాడు. ఆ చప్పుడుకు మా అమ్మ గోడ అవతల చెవులు మూసుకునేది. అలాంటి ఒక గురువారం, పదును చూద్దామని ఇత్తడి వెన్ను రంపం అంచుకు కన్ను ఆనించి చూశాను. పళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు ఒరిగి ఉన్నాయి.

“చాచా, నీ రంపం పండ్లు వంకరున్నయ్.”

“గట్లనే ఉండాలె బిడ్డా. వంకరుంటేనే కోస్తది.”

“కత్తి వంకరుంటదా? బ్లేడు వంకరుంటదా?”

“కత్తి వేరే, రంపం వేరే.”

“ఎందుకు వేరే?”

చాచా నవ్వాడు. చేతికి తెలిసిన సంగతిని నోటితో చెప్పడం ఆయనకు రాలేదు. నేను దాన్ని గెలుపు కింద లెక్క వేసుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? “నీకు తెల్వదని చెప్పు చాచా. నువ్వు బడికే పోలేదు గదా” అన్నాను, దుకాణంలో మరో ఇద్దరు కూర్చొని ఉండగా. చాచా ఆకురాయికి అంటిన ఇనుప పొడిని తొడకేసి దులిపాడు. తర్వాత, “అవు బిడ్డా, పోలే. నువ్వు మంచిగ సదువుకొని నాకు చెప్పు” అని మళ్లీ పనిలో పడ్డాడు.

మర్నాడు శుక్రవారం. జర దుకాణం చూస్తుండు అని చెప్పి చాచా నమాజుకు పోయాడు. మా నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆ రోజు రాత్రి డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉన్న ఆయన సంచిలో ఎర్ర పిడుల పట్టకారు ఎప్పటిలాగే ఉంది. దాన్ని తెచ్చి, ఇత్తడి వెన్ను రంపాన్ని ఒళ్లో పెట్టుకొని, ఆ చివర నుంచి ఈ చివర దాకా పళ్లను వొత్తుకుంటూ పోయాను. పలుచటి రేకు, చెప్పినట్టు విన్నది. కన్ను ఆనించి చూస్తే పళ్లన్నీ ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లాగా ఒకే వరుసలో ఉన్నాయి. చాచా చేసిన తప్పును నేను దిద్దాననే అనుకున్నాను. రంపాన్ని మేకుకు తగిలించి, ఆయన వచ్చి ఒప్పుకుంటాడని ఎదురుచూశాను.

చాచా వచ్చేసరికి దుకాణంలో ఇద్దరున్నారు. ఒకరు మా బడి సారు. బడి గోడలకు పెట్టాల్సిన బొమ్మలు చుట్టగా చుట్టి తెచ్చి, బల్ల మీద పెట్టి కూర్చున్నారు. రెండోది శివ్వంపేట నుంచి వచ్చిన ఒకామె. ఆమె భర్త పోయి పది రోజులు. మర్నాడే దినాలు. పెద్దది చేయించిన ఆయన ఫొటో తెచ్చి, పొద్దున్నే బంగారు రంగు కర్ర ఏరి చూపించి పోయింది. ఆ రంగులో చాచా దగ్గర మిగిలింది ఒక్కటే కర్ర. మూడు పక్కలు నమాజుకు ముందే కోసి పెట్టాడు. నాలుగోది మిగిలింది. సాయంత్రం బస్సుకు ఆమె తిరిగి పోవాలి.

చాచా కర్రను ఏటవాలు గాడిలో పెట్టి, ఎప్పటిలాగే చూడకుండా చెయ్యి వెనక్కి చాపాడు. రంపం నేనే అందించాను.

సగం దాకా దిగి పట్టేసింది. వెనక్కి లాగితే రాలేదు. ముందుకు తోస్తే వెన్ను కింద రేకు వంకర తిరిగి, ఎగిరి పక్కకు దూకింది. కర్ర మూల చీలి, బంగారు పూత వేలెడంత పెచ్చు లేచి కింద పడింది.

చాచా రంపాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పళ్ల పొడుగునా పట్టకారు గాట్లు గళ్లుగళ్లుగా అచ్చు పడి ఉన్నాయి. అవి నాకే కనిపించాయంటే ఆయనకు కనపడవా? నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, “తప్పయింది అమ్మా. నా కండ్లు మసకలైనయ్. చెయ్యి తప్పింది” అన్నాడు.

“కండ్లు గానరాకుంటే ఇంట్ల కూసోవాలె సాయిబూ!” ఆమె గొంతు బజారంతా వినిపించింది. “బతికున్నన్ని దినాలు మా ఆయన ఒక్క మంచి అంగీ తొడగలే. పోయినంకనన్న బంగారి రంగుల పెట్టుకుందామనుకుంటి గదా!” అంటూ నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. చాచా మధ్యరకం రంపం తీసి, నల్ల కర్రతో చట్రం కట్టి, డబ్బులు వద్దని చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెనక్కి తిప్పి పట్టుకొని, ఎటూ చూడకుండా బస్టాండు వైపు పోయింది. మా సారు బల్ల మీది బొమ్మల చుట్ట తీసి చంకలో పెట్టుకొని, “మళ్ల వస్త చాచా. జర దవాఖానల కండ్లు చూపెట్టుకోండ్రి” అని లేచారు. మళ్లీ రాలేదు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఊరందరితో మాట్లాడే నోరు నాది. ఒక్క మాట చాలు. రాలేదు. చిన్నపిల్లవు, భయపడ్డావు అంటారు మీరు. అనకండి. ముందురోజు నలుగురిలో ఆయనను చదువు రానివాడని అన్నప్పుడు నేను చిన్నపిల్లనేనా? భయమేసిన మాట నిజమే. మా సారుకు తెలిస్తే నా పరువు పోతుందని. చాచా పరువు అక్కడే, నా కళ్ల ముందే పోతోంది.

పొద్దు గూకేవేళ మా నాన్న పట్టకారు కనపడక ఇల్లంతా గాలిస్తూ అరుస్తున్నాడు. చాచా గుమ్మంలోకి వచ్చాడు. నూనె గుడ్డతో తుడిచిన పట్టకారు ఆయన చేతిలో ఉంది. కంగారులో దుకాణంలోనే మరిచిపోయాను. “బిడ్డనడిగి నేనే తెప్పించుకున్న. పని వడ్డది” అన్నాడు. ఒకే రోజు నా కోసం రెండో అబద్ధం. మా నాన్న “అయ్యో, దానికేముంది భాయ్” అని లోపలికి పోయాడు. నేను తలుపు చాటు నుంచి కదల్లేదు.

మర్నాడు చాచా ఆ రంపాన్ని చెక్కల మధ్య బిగించి, చిన్న సుత్తి, మొన అరగదీసిన ఉలి నా చేతికిచ్చాడు. ఒక పన్ను వదిలి ఒక పన్ను మీద మెల్లగా కొట్టాలి. అంతా అయ్యాక రంపాన్ని తిప్పి, వదిలిన పళ్లను అవతలికి కొట్టాలి. ఆ తర్వాత ఆకురాయి. మధ్యాహ్నం దాకా పట్టింది. పనికిరాని కర్రముక్క మీద పెట్టి కోయమన్నాడు. రంపం తడబడకుండా దిగిపోయింది. కోతలో రేకు పక్కన పోస్టుకార్డు దూర్చి చూపించాడు. “చూసినవా? అటొకటి ఇటొకటి వంగినందుకే కోత రేకు కన్న వెడల్పయితది. గా తొవ్వల రేకు నడుస్తది. అన్ని ఒక్క తీరుంటే రేకే ఇరుక్కుంటది.” నేను ఎందుకని అడిగినప్పుడు ఆయన దగ్గర లేని మాటలు అవి. నా కోసం ఎంతసేపు వెతుక్కున్నాడో. ఎందుకు చేసినవ్ అని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేద్దామని కూర్చున్నాను. అడగకపోయినా చెప్పవచ్చని తెలియనిదాన్ని కాదు.

చాచాకు కళ్లు పోయాయన్న మాట ఊళ్లో పాకింది. బంగారు రంగు పనులన్నీ బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన దుకాణానికి పోయాయి. చాచాకు మిగిలింది క్యాలెండరు బొమ్మల పని. ఇత్తడి వెన్ను రంపం కోసం ఆయన చెయ్యి చాపడం నేను మళ్లీ చూడలేదు. అయినా గురువారం గురువారం దానికి పదును పెట్టేవాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల దాకా మా అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది ఆయనే, అద్దాలు లేకుండా.

నేను హైదరాబాదులో కాలేజీకి పోయాను. సెలవులకు వచ్చిన ప్రతిసారీ, “మంచిగ సదువుతున్నవా బిడ్డా?” అని అడిగేవాడు. సదువుకొని నాకు చెప్పు అన్న పాత మాట నాకు గుర్తుకొచ్చేది. ఆయన దాన్ని మనసులో పెట్టుకొని అడిగాడని నేననను. కానీ చెప్పాల్సింది నా దగ్గర ఒకటుందని ఇద్దరికీ తెలుసు. చెప్పకముందే ఆయన పోయాడు.

మొన్న రామాయంపేటలో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా ఊరి పెద్దమనిషి ఒకాయన పాత సంగతులు తీశాడు. “పటాల చాచా మంచి పనోడుండె. పాపం, కండ్లు పోయి దెబ్బతిన్నడు” అన్నాడు. అంతకుముందే పప్పులో ఉప్పు గురించి వంటవాళ్లతో కొట్లాడి వచ్చి కూర్చున్నాను నేను. ఆ మాటకు నోరు తెరిచాను. తెరిచి, ఇటు పెరుగు వెయ్యమన్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. నలభై ఏళ్లుగా నా నోట్లోనే ఉండిపోయిన మాట, ఆ రోజు దుకాణంలో శివ్వంపేట ఆమెకూ మా సారుకూ వినపడేటట్టు అనాల్సిన మాట, ఎట్లా అనాలో అట్లాగే రాస్తాను. చాచా కండ్లు మంచిగనే ఉన్నయ్. రంపం చెడగొట్టింది నేను.