మూలకు తగిలిన ముద్ర

బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదైన కాగితం ముక్క. ఎన్నో ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. అంత చిన్న కాగితానికి బరువేమిటని నవ్వకండి. నేనూ చాలాకాలం అలాగే నవ్వి తప్పించుకున్నాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది వరంగల్‌లో స్టీలు సామాన్ల దుకాణం. డిగ్రీ చదివే రోజుల్లో నాకు స్టాంపుల పిచ్చి పట్టింది. ఒకసారి వాడేసిన స్టాంపును మళ్లీ ఎవరు కొంటారని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఆ పిచ్చిని అర్థం చేసుకున్నది యేసురత్నం తాత. ఆయన మాకు చుట్టం కాదు. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక హనుమకొండలో కూతురి దగ్గర ఉండేవాడు. ఆదివారం ఆయన చర్చి నుంచి రాగానే ఆ ఇంటి ముందుగదిలో మాలాంటివాళ్లం నలుగురైదుగురం చేరేవాళ్లం. ఎవరు ఏ స్టాంపు తెచ్చినా తాత భూతద్దం పెట్టి చూడాల్సిందే. ఆయన మంచిదంటే మంచిది, కాదంటే కాదు.

తాత దగ్గర నిజాం కాలం నాటి స్టాంపు ఒకటుండేది. మధ్యలో ఉర్దూ, అంచున మన తెలుగు అక్షరాలు. ఆ రకం అరుదేమీ కాదు, నా దగ్గరా ఒకటుంది. కాని నా స్టాంపు మీద తపాలా ముద్ర అడ్డంగా, నల్లగా పడి అక్షరాలన్నీ మింగేసింది. తాత స్టాంపు మీద ముద్ర కింది మూలకు కొద్దిగా తగిలి ఆగిపోయింది. చుట్టూ తెల్ల అంచు సమానంగా ఉందని, అంచున రంపంలా ఉండే పళ్లలో ఒక్కటి కూడా ఊడలేదని, ముద్ర మూల దాటలేదని తాత చూసిన ప్రతిసారీ మురిసిపోయేవాడు. మార్పిడికి ఇమ్మని ఎంత బతిమాలినా ఇవ్వలేదు. నాకు కడుపు మండేది. నిజం చెప్పాలంటే అది స్టాంపు మీద ప్రేమ కూడా కాదు, ఒట్టి కుళ్లు.

ఒక ఆదివారం, వెనక అంటుకున్న పాత కాగితం ఊడదీయడానికి ఆయన స్టాంపూ నా స్టాంపూ ఒకే పళ్లెంలో గోరువెచ్చని నీళ్లలో వేశాం. తరువాత పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, ముడతలు పడకుండా పైన బరువు పెట్టాలి. తాత ఇంట్లో ఆ బరువు ఆయన పెద్దక్షరాల బైబిలే. కాసేపటికి అందరూ వెళ్లిపోయారు. తాత చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. నేను బైబిలు ఎత్తాను. ఆయనది తీసి నా పుస్తకంలో పెట్టుకున్నాను. నాది ఆయన పేపరు మధ్యలో పెట్టాను. బైబిలు మళ్లీ దాని మీద పెట్టాను. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తటపటాయించి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

తాత వచ్చి భూతద్దం తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, దీని మీద ముద్ర ఇట్ల అడ్డంగ ఉండెనా? నాకైతే మూలకున్నట్టు యాదికున్నది."

"మొదటి సంది అట్లనే ఉన్నది కదా తాతా. నీ కండ్లు జర మసకబారినట్టున్నయి."

ఆయన స్టాంపును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. నా మొహంలోకి చూశాడు. నన్ను అనుమానిస్తాడని, కనీసం రెండూ తారుమారయ్యాయేమోనని అడుగుతాడని అనుకున్నాను. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు.

"గట్లనా? అయితే ఇన్నేండ్లు నేను తప్పు చూస్తున్నానన్నట్టు. ఇగ నా కండ్లు పోయినయి బిడ్డా."

భూతద్దాన్ని బట్టలో చుట్టి సొరుగులో పెట్టాడు. తరువాతి ఆదివారం బయటికి తీయలేదు. ఎవరైనా స్టాంపు చూపిస్తే, తన మాట నమ్మొద్దని చెయ్యి ఊపేవాడు. చర్చిలో ప్రతి ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. అదీ మానేశాడు, దేవుని మాట తప్పు చదువుతానేమోనని భయం. కూతురు కంటి దవాఖానకు తీసుకెళ్లింది. చూపు బాగానే ఉందని డాక్టరు చెబితే, ముసలోణ్ని బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నాడని నమ్మాడు. డాక్టరు మాట కంటే నా మాటే ఆయనకు ఎక్కువైంది! అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? విప్పలేదు. పండ్లు పట్టుకొని చూడ్డానికి వెళ్లేదాన్ని. ఎంత ప్రేమగల పిల్లవని ఆ కూతురు నాకు చాయ్ పోసేది. తాత పోయిన రోజున అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. ఆ ఏడుపు ఎవరి కోసమో నాకిప్పటికీ తెలియదు.

ఆ స్టాంపును ఇన్నేళ్లూ ఎవరికీ చూపించలేదు. ఈ మధ్య హైదరాబాద్‌లో పాత స్టాంపులు అమ్మే ఒకాయనకు చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. బహుశా ఎవరో ఒకరు దొరకబట్టాలని కావచ్చు. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. బయటి దేశంలో నిపుణులు స్టాంపును పరీక్షించి, నూటికి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపుతారట. దాన్ని గ్రేడింగ్ అంటారు. పంపమన్నాడు. పంపాను.

డబ్బీ తిరిగొచ్చింది. నూటికి రెండే తగ్గాయి. స్టాంపులు అమ్మే ఆయన ఫోన్ చేసి చెప్పాడు. వాడిన స్టాంపుల్లో ఇంత మంచిది దొరకడం దాదాపు అసాధ్యమట. ఎందుకంటే ముద్ర కొట్టేవాడికి స్టాంపు అందంతో పనిలేదు, వాడి తొందర వాడిది. ఇదే రకం మామూలుది మిర్చీ బజ్జీల ఖర్చుకు దొరుకుతుంది. దీనికి మాత్రం మంచి బండి కొనుక్కునేంత ఇస్తామని అప్పుడే ఇద్దరు అడిగారట.

డబ్బీని వెలుతురులో పట్టుకొని చూశాను. ఎప్పుడో ఏదో పోస్టాఫీసులో, పేరు తెలియని ఒక మనిషి చెయ్యి ఒక్క క్షణం తేలిగ్గా పడింది. ఆ తరువాత ఎన్ని సంచులు, ఎన్ని చేతులు, ఎన్ని వానలు! ఒక్క పన్ను ఊడలేదు, రంగు తగ్గలేదు. ఇంత చిన్న కాగితం ఇన్నాళ్లు ఇంత చక్కగా ఎలా బతికింది? నేను దొంగనన్న సంగతి కూడా మరిచిపోయి అలాగే చూస్తుండిపోయాను.

తరువాత నిపుణులు పంపిన కాగితం చదివాను. నాలుగు వైపులా అంచు సమానం. పళ్లన్నీ పూర్తిగా ఉన్నాయి. ముద్ర మూలకే పరిమితం.

తాత మాటలే. ఒక్కటి కూడా తేడా లేదు. వాళ్లు యంత్రాలు పెట్టి తేల్చింది ఆయన ముందుగదిలో, కిటికీ వెలుతురులో, ఉత్త భూతద్దంతో ఏనాడో తేల్చాడు. వాళ్లు మార్కులు వేసింది స్టాంపుకా, తాత కళ్లకా? నాకు తాత కళ్లకేననిపించింది. ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.

స్టాంపు అమ్మనని హైదరాబాద్ ఆయనకు చెప్పేశాను. డబ్బీ ఇప్పుడు నా ముందే ఉంది. తాత కూతురు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, ఆటో ఎక్కితే ఎంతో దూరం కాదు. ఇది ఆమె చేతిలో పెట్టాలి. కాని డాక్టరు ఏమన్నా, తండ్రి చదవడం మానేయడం కళ్లారా చూసింది కనుక, చివరి రోజుల్లో ఆయనకు చూపు పోయిందనే ఆమె ఈనాటికీ నమ్ముతోంది. డబ్బీ ఇస్తూ ఆ మాట కూడా చెప్పాలి. స్టాంపు తిరిగివ్వగలను. ఆయన చదవకుండా పోయిన ఆదివారాలను ఎక్కడి నుంచి తెచ్చివ్వను? ఆమె క్షమించదు. క్షమించమని అడిగే మొహమూ నాకు లేదు.

ముందు మీకైనా చెప్పాలనుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బయటికి అనని మాట ఇది. రాస్తుంటే గుండెల్లో ఏదో కాస్త సడలుతోంది. యేసురత్నం తాత కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి. ఆయన చూసిందే నిజం. ముద్ర మూలకే ఉండేది.