డీజిల్ తీసే ఆయన

సింగపూరులో బూన్ లే వెళ్లే బస్సులో పక్కసీటాయన నెల్లూరులోని తమ్ముణ్ణి ఫోనులో కసురుతున్నాడు. "కరెంటు లారీ వద్దురా అబ్బయా, డీజిల్‌దే కొను!"

ఆయన ఫోను పెట్టేయగానే నేను ఊరుకోలేక అందుకున్నాను. కరెంటు లారీల ధరలు దిగాయనీ, కిస్తీలు బాడుగలోనే తీరిపోతాయనీ, చమురుకు రోజులు దగ్గరపడ్డాయనీ వాదించాను.

ఆయన నవ్వాడు. "జురాంగ్ ఐలాండ్ రిఫైనరీలో ఆ డీజిల్ తీసేది మేమే సార్. అందరూ కరెంటువే కొంటే నా ఉద్యోగమేం కావాలి?"

కొన్ని స్టాపులు దాటాక ఆయనే మళ్లీ తమ్ముడికి ఫోన్ చేశాడు. "కరెంటుదే తీసుకో అబ్బయా. నా ఉద్యోగం కోసం నువ్వు డీజిల్ పోయించక్కర్లేదు."

నా వైపు తిరిగి, "చాలా సార్? ఇక వదిలేయండి!" అన్నాడు.

చమురు మానాలని ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. ఒక్కరూ నా ఎదుట మనసు మార్చుకోలేదు. తన కూటికి అడ్డొచ్చే నిజాన్ని ఒప్పుకున్న మనిషిని చూపించినందుకు ఆ బస్సుకు కృతజ్ఞుణ్ణి. ఇప్పుడు వాదనకు దిగేముందు, నేను గెలిస్తే ఎదుటివారికి పోయేదేమిటో అడుగుతున్నాను.