స్వర్గానికి వెళ్ళిన ఇనుము

మా బావ రాకెట్లను నిద్రలో కూడా తిట్టేవాడా? అక్కను ఎన్నోసార్లు అడిగాను. నవ్వి ఊరుకునేది. ఇప్పటికీ నాకు తెలియదు. మెలకువగా ఉన్నంతసేపూ మాత్రం తిట్టేవాడు. పరాయి కంపెనీల రాకెట్లను తిట్టేవాళ్ళు ఆ వ్యాపారంలో బోలెడుమంది. మా బావ తనకు జీతమిచ్చే కంపెనీ రాకెట్టునే తిట్టేవాడు.

ఆయన ఇంజన్ల పరీక్ష చూసేవాడు. నేను అదే కంపెనీకి ప్రకటనలు రాసేవాణ్ణి. ఎగిరిన రాకెట్ల కంటే ఎగిరిన మాటలే ఎక్కువైన వ్యాపారం అది. అందులో సగం మాటలు నావే. "అంతరిక్షానికి మీ సొంత టాక్సీ" అని రాస్తే బావ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

"టాక్సీ అట. ఒరేయ్, రెండుసార్లు ఎక్కించుకుని రెండుసార్లూ సముద్రంలో దింపింది. పడవ అని రాయి."

"అవతలి పెద్ద కంపెనీవాళ్ళది బస్సు, బావా. చవకే గాని అందర్నీ ఒకేచోట దింపేస్తుంది. మనమైతే ఎవరు కోరిన కక్ష్యకి వాళ్ళని..."

"వాళ్ళ రాకెట్టు పైకెళ్ళొచ్చి మళ్ళీ నిలబడుతోంది. మనది దారిలోనే పడుకుంటోంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందట."

మూడోది కూడా పడితే కంపెనీకి తాళమే. సరిగ్గా అప్పుడే ఒకావిడ వచ్చింది. అడవుల్లో రేగిన నిప్పును కనిపెట్టే చిన్న ఉపగ్రహం తయారుచేసింది. బస్సు దింపేచోటు ఆమెకు పనికిరాదు. మా యజమాని పరమానందంతో ఆమె చేతికి కలం అందించాడు. ఆ సమయంలో బావను పిలిపించడమే ఆయన చేసిన పొరపాటు.

"ఇలాంటిది ఇంకోటి ఉందా అమ్మా?" అన్నాడు బావ.

"లేదండీ. మళ్ళీ చేసే ఓపికా లేదు, స్తోమతా లేదు."

"అయితే మా డొక్కుదాంట్లో ఎక్కించకండి. దీంట్లో నేనైతే నా పాత చెప్పులు కూడా పంపను."

ఆవిడ కలం కింద పెట్టి లేచింది. బావ ఆమెను గేటు దాకా సాగనంపి మరీ వచ్చాడు. యజమాని ముఖం మాడిపోయింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారు కదండీ."

"వాసాలుంటే కదా లెక్కపెట్టడానికి."

ఎక్కేవాళ్ళు లేక మూడో రాకెట్టులో ఉపగ్రహానికి బదులు ఇనుప దిమ్మ పెట్టారు. అది చక్కగా ఎగిరి, చెప్పిన కక్ష్యకు చేరింది. కంట్రోల్ రూములో అందరూ కౌగిలించుకుంటుంటే యజమాని మాత్రం బావ మీదికి వచ్చాడు.

"చూశారా? మీ నోటి పుణ్యమా అని ఇనుము స్వర్గానికి వెళ్ళింది. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

బావ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అంతలో తలుపు తోసుకుని ఆవిడే లోపలికి వచ్చింది.

"కాగితాలు సిద్ధమేనాండీ? ఆరోజు గేటు దగ్గర వీరే చెప్పారు. 'ముందు దీన్ని ఉత్తగా ఎగరనివ్వండమ్మా. పడితే మీది మిగులుతుంది. ఎగిరితే తర్వాతది మీదే. అందాకా ఇంకెవరికీ సంతకం పెట్టకండి. మావాళ్ళు పనిమంతులు' అన్నారు."

రాకెట్టు ఎగిరిందంటే నమ్మాం గాని, బావ మమ్మల్ని పనిమంతులన్నాడంటే ఎవరికీ నమ్మకం కుదరలేదు.

యజమాని మాటలు కూడదీసుకుని ఇటు తిరిగేసరికి బావ కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. బావ దాని ముందు టైరును కాలితో తన్ని చూసి, డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు మొహం గంటు పెట్టుకున్నాడు. బావ ఎక్కాడు. బస్సు వెళ్ళిపోయింది.