సుమలత నెట్టుకు తాళం

మాడుగులపల్లి సెంటర్లో సుమలత జిరాక్సు మడిగె పక్కనే నా కుట్టు మిషను. కాబట్టి ఇది ఎవరో చెబితే విన్న సంగతి కాదు, నా కళ్ళముందు జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సుమలత ఇంటర్‌తో చదువాపి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే, తను కంప్యూటర్ నేర్చుకుని మడిగె కిరాయికి తీసుకుంది. ఆ కంప్యూటర్ ముసలిది. పొద్దున ఆన్ చేస్తే టీ తాగి వచ్చేసరికి గానీ లేవదు. పిల్లల హాల్ టికెట్లు, ముసలివాళ్ళ పింఛను పనులు అన్నీ దాంతోనే. నెట్ పెట్టిన నరేందర్ వైఫైకి పాస్‌వర్డ్ పెట్టి చూశాడు. ఆ కొత్త రకం తాళం పాత కంప్యూటర్‌కు పడలేదు. ఒక వైరు లాగి కలిపితే పోయేది కదా! దానికీ బద్ధకమే. తాళమే తీసేశాడు.

"తాళమెందుకు వదినా? అందరు మనోళ్ళే గదా," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ మనోళ్ళంతా తెల్లారితే మా మడిగెల ముందరి అరుగు మీదే. పొద్దుగూకేదాకా ఫోన్లలోంచి తల ఎత్తితే ఒట్టు. దాహమైనవాళ్ళకు నీళ్ళు పోసినట్టే అనుకుని సుమలత ఏమీ అనలేదు.

ఒకరోజు పోలీసులొచ్చారు. గొర్లు కాసే సైదయ్య బిడ్డ భాగ్య పేరుతో ఎవడో నెట్లో దొంగ ఖాతా తెరిచాడు. పిల్ల మొహాన్ని ఏదో పాడు ఫోటోకు అతికించి పెట్టాడు. అది పోయింది సుమలత నెట్ నుంచి. అరుగు మీదివాళ్ళను అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

భాగ్య మిర్యాలగూడలో డిగ్రీ చదువుతోంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని సైదయ్య ఆ రోజు మడిగె ముందు నిలబడి అరిచాడు. "గీ నెట్టుకు తాళం పడేదాక నా బిడ్డ గడప దాటది. సదువు ఖతం!"

"తాళమేస్త మామా. పిల్ల సదువు మాత్రం ఆపకు," అంది సుమలత.

మర్నాడే కంప్యూటర్‌ను బస్సులో వేసుకుని మిర్యాలగూడ పోయింది. దుకాణంవాడు చూసి నవ్వాడు. "గిది పాతసామానుకు ఎయ్యక్కా."

"నవ్వుడు తర్వాత. గీదానికి తాళం పట్టే ఉపాయం జెప్పు," అని కసిరింది.

వెనక గుచ్చే చిటికెనవేలంత వైఫై ముక్క ఇచ్చాడు. దాంతో ముసలి కంప్యూటర్ కొత్త తాళాన్ని ఒప్పుకుంది. పాస్‌వర్డ్ పడగానే అరుగు ఖాళీ అయింది. సుమలత సైదయ్యకు కబురు పెట్టింది.

రెండోనాడు చూస్తే అరుగు మళ్ళీ నిండా జనం! మధ్యాహ్నం సుమలత అన్నానికి పోతే మడిగెలో ఆమె అత్త సాలమ్మ కూర్చుంటుంది. అవసరానికి ఉంటుందని ఆమెకు పాస్‌వర్డ్ చెప్పి పెట్టింది. అడిగిన ప్రతివాడికీ ఆ తల్లి చెప్పేసింది. సైదయ్య గొర్లు తోలుకుంటూ వచ్చి, అరుగు వైపు చూసి, తుపుక్కున ఉమ్మి పోయాడు.

"అడిగితె లేదంటమా? తోడుకు పెరుగడిగితె ఇయ్యమా? గట్లనే జెప్పిన," అంది సాలమ్మ.

"గిది పెరుగా అత్తమ్మా? గీళ్ళల్లనే ఒకడు ఆడపిల్ల మానం బజార్ల పెట్టిండు! ఆనికి గూడ నీ నోటితోనే జెప్పినవ్!"

సుమలత అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్చింది.

మర్నాడు పొద్దున్నే సాలమ్మ వచ్చి అరుగు మధ్యలో కూర్చుంది. అందరికంటే ముందు నరేందరే అడిగాడు. "అవ్వా, పాస్‌వర్డ్ మారినట్టుంది. జర చెప్పు."

"చెప్త బిడ్డా. ముందుగాల సైదయ్య ఇంటికి పో. గా పిల్ల మొహం సూసి రా. సూసి వచ్చినోనికే చెప్త."

ఎవరూ కదల్లేదు.

"పోండ్రి! నెట్ కావాలె గదా, పోండ్రి!" అని అరిచింది.

ఒక్కొక్కరే అరుగు దిగారు. ఒక్కడు కూడా సైదయ్య ఇంటివైపు పోలేదు. రోడ్డు అవతల నిలబడి సైదయ్య అంతా విన్నాడు.

సోమవారం నాడు భాగ్య మిర్యాలగూడ బస్సెక్కింది. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా చున్నీ చుట్టుకుంది. ఏ పాపం తెలియని పిల్ల మొహం దాచుకుని చదువుకు పోతుంటే, ఆ ఫోటో పెట్టినవాడు నున్నగా తల దువ్వుకుని ఈ ఊళ్ళోనే తిరుగుతున్నాడు. వాడి నోట్లో మన్ను పడ!