మూడో పిలుపు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో కూర్చుని సిగ్నల్ కోసం ఎదురుచూస్తుంటే పక్కనే ఒక లారీ వచ్చి ఆగింది. దాని మీద కొత్త ఫైబర్ పడవ, ఇంకా పాలిథిన్ కవరు కూడా విప్పనిది, వెనక ఇంజను బిగించుకోవడానికి చోటు వదిలిపెట్టి ఉంది. ఆటో అతను తల బయటపెట్టి చూసి, ఊళ్లోకి పడవలు కూడా వచ్చేశాయి, ఇక మనకు బేరాలు ఉండవని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇదే దారిన, ఇలాగే ఒక లారీ మీద, ముప్ఫై ఏళ్ల నాడు నా సొంత పడవను ఎక్కించుకుని సముద్రం వైపు వెళ్లినవాణ్ణి నేను.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆటోనగర్‌లో మా మేనమామ స్పేర్ పార్టుల కొట్లో కూర్చునేవాణ్ణి, కొన్నాళ్లకు ఆ కొట్టు నాదే అయింది. మధ్యాహ్నం బేరాలు పల్చబడే వేళకు సైకిలు తొక్కుకుంటూ గ్రంథాలయానికి పోయేవాణ్ణి. చదువు మానేసినవాడికి గ్రంథాలయంలో ఉన్న సుఖం ఏమిటంటే అక్కడ ఎవరూ నువ్వెంతవరకు చదివావని అడగరు. బీరువాలో ఏది చేతికి తగిలితే అది చదివాను. తేనెటీగల పెంపకం చదివాను, గ్రహణాల లెక్కలు చదివాను, పాత జిల్లా చరిత్రలు చదివాను. అలా ఒక రోజు తెరచాప పడవలు నడపడం గురించిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వానాకాలమంతా దానితోనే గడిపాను. గాలి ఎదురుగా వీస్తున్నా సరే, పడవ కాసేపు ఇటు వాలుగా, కాసేపు అటు వాలుగా పోతూ చివరకు ఆ గాలి వచ్చే వైపే చేరుకోగలదని చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు. అది ఒక్క పడవల సంగతే కాదనిపించింది.

ఆ పిచ్చిలోనే, విశాఖలో ఉద్యోగం విరమించిన ఒక ఓడల అధికారి తన చిన్న యాట్‌ను అమ్ముతున్నాడని తెలిసి వెళ్లి కొనేశాను. యాట్ అంటే సినిమాల్లో చూసే తెల్లటి మేడ కాదు. నలుగురు కూర్చుంటే నిండిపోయే ఫైబర్ పడవ, మధ్యలో ఒక తెరకొయ్య, వెనక ఒక చుక్కాని, అంతే. అడుగున పగుళ్లుంటే, ఆటోనగర్‌కు తెప్పించాక బస్సు బాడీలు కట్టేవాళ్లు పూడ్చిపెట్టారు. లారీలకు టార్పాలిన్లు కుట్టే అతను తెల్లని కాన్వాసు తెచ్చి, నేను పుస్తకం చూసి గీసిచ్చిన కొలతలకు తెరచాప కుట్టాడు. కుడుతూనే, "బందరు కాలవలో తిప్పుతారా, లేక మీ వీధిలోకి వరదొచ్చేదాకా ఆగుతారాండీ?" అని అడిగాడు. మా ఆవిడ అంతకన్నా క్లుప్తంగా, ఇంటి పైకప్పు కారుతోందని మాత్రం గుర్తుచేసింది.

పడవను లారీకెక్కించి బయల్దేరి, ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుపోయి, ఆ తీపి మగ్గిన వాసనలో గంటల తరబడి ఆగి, దారిపొడుగునా జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ, చివరకు కృష్ణా నది సముద్రంలో కలిసే మొగకు కాస్త ఇవతల ఉన్న ఒక పల్లె చేరాం. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, ఆ పల్లెలో రొయ్యలు కొని ఐసు పెట్టెల్లో పైకి పంపే వ్యాపారం చేసేవాడు. ఆయన మాట మీదే అక్కడి ఉప్పుటేరులో నా పడవ కట్టుకోవడానికి చోటిచ్చారు.

చోటిచ్చారు గాని, దాన్ని చూస్తే వాళ్లకు మనసొప్పేది కాదు. ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ మొదటి రోజే పడవ చుట్టూ తిరిగి చూసి, "వలా లేదు, వాసనా లేదు, చప్పుడూ లేదు. పడవేంటండీ ఇది, తెల్లగుడ్డ కప్పిన పాడెలాగుంటేనూ," అని అందరూ వినేట్టు అంది. నేను నొచ్చుకున్నా, ఆమె మాటలో నిజం లేకపోలేదు. ఇంజను లేని పడవ ఎంత నిశ్శబ్దంగా వస్తుందో దాన్ని నడిపేవాడికి తెలియదు, చూసేవాడికే తెలుస్తుంది. ఉదయం మంచులో వలలు తీసుకుంటున్న వాళ్ల పక్కగా నేను పోతే, వాళ్లు ఉలిక్కిపడి, నన్ను గుర్తుపట్టాక గాని మళ్లీ వల మీద చెయ్యి వేసేవారు కాదు.

అయినా ఆ ఆదివారాల సుఖం ఎలా చెప్పను? మడ అడవి పక్కన పోతుంటే వేళ్ల మధ్య పీతలు బురదలోకి దూరుతున్న చిటపటలు వినిపించేవి. నీళ్లు పడవ పొట్టను రాసుకుంటూ పోయే చప్పుడు ఎవరో పక్కగదిలో గుసగుసలాడుతున్నట్టుండేది. సముద్రం మీద చెవి మారిపోతుంది. ఒడ్డున వినబడనివన్నీ అక్కడ వినబడతాయి. చల్లగాలి పొర నీటిని అంటుకుని ఉన్నప్పుడు మాటలు వంగి చాలా దూరం పోతాయని ఒక భౌతికశాస్త్రం పుస్తకంలో చదివి ఉన్నాను కనుక, ఎక్కడెక్కడి మాటలో చెవిన పడ్డా నేను భయపడేవాణ్ణి కాదు.

రెండో ఏడు స్వాతి కార్తె గాలుల్లో ఆ ఎండుచేపల పెద్దావిడ పెద్దకొడుకు ఒంటరిగా తెప్ప మీద వెళ్లి తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, తెప్పా దొరకలేదు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. శవం దొరకనివాడికి కర్మ చేసే ముందు భార్య మొగ దగ్గరికి వెళ్లి, సముద్రం వైపు తిరిగి, భర్తను పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పలికితే ఉన్నట్టు, పలక్కపోతే లేనట్టు. అంతకాలం ఆ పిలుపులు మొగ చివరి ఇసుకతిన్నె మీద నిలబడే పిలిచేవారట. ఆ ఏడు ఏరు దారి మార్చుకుని తిన్నెను కోసుకుపోయింది. అక్కడికి ఇక పడవలోనే పోవాలి, చేపల పడవలో ఆడమనిషి కాలు పెట్టకూడదు. పుష్యమాసం దాకా ఆ కోడలు అటు సుమంగళీ కాక, ఇటు విధవా కాక ఉండిపోయింది.

ఒక ఆదివారం ఆ పెద్దావిడే నా దగ్గరికి వచ్చింది. నా ముఖం చూడకుండా పడవ వైపే చూస్తూ, "మీదాంట్లో ఎప్పుడూ చేప పడలేదు గదండీ. ఆడమనిషి ఎక్కితే మైలపడటానికి ఏముంది దాంట్లో?" అంది. తోడల్లుడు నన్ను పక్కకు లాగి, "తమ్ముడూ, ఒప్పుకోవయ్యా. నేనూ వస్తాను," అన్నాడు. ఆయన వస్తానన్నది ఆ ఇంటి చిన్నకొడుకు గురించిన భయంతోనే. అన్న పలికితే ఆ క్షణమే తెప్ప వేసుకుని వెతకడానికి పోతానని అతను ఒట్టు వేసుకుని కూర్చున్నాడు. వెనకటి తరంలో ఇలాగే ఒకరికి పలుకు వచ్చిందని, వెతకబోయినవాళ్లు కూడా రాలేదని పల్లెలో చెప్పుకునేవారు. పెద్దావిడకు మిగిలింది ఆ ఒక్క కొడుకే. పలుకూ లేదు, గిలుకూ లేదు, ఇదొక తంతు, అయిపోతే అందరికీ నెమ్మది అని నేను అనుకున్నాను. అంత చదివినవాణ్ణి మరి.

తెల్లవారుతూండగా బయల్దేరాం. కోడలికి కాళ్లకు పసుపు రాసి, తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగి తెచ్చి కూర్చోబెట్టారు. తీరం కనబడినంతసేపు ఆడవాళ్లు కదలకుండా నిలబడి ఉన్నారు, తరవాత మంచు వాళ్లను చెరిపేసింది. ఆటు వేళ వెనక్కి తీసే నీరు మమ్మల్ని మెల్లగా బయటికి లాగుతోంది. తోడల్లుడు ముందు కూర్చుని గడతో లోతు చూస్తున్నాడు. కాసేపటికి గడకు అడుగు అందడం మానేసింది. గాలి పడిపోయి తెరచాప తడిగుడ్డలా వేలాడింది. ఎటు చూసినా ఒకే తెలుపు, నీరెక్కడ అయిపోయి మంచెక్కడ మొదలవుతుందో తెలియని తెలుపు. మాతో ఉన్న చప్పుడల్లా ఆ అమ్మాయి గాజులదే.

ఆమె లేచి నిలబడి, "ఏవయ్యోయ్!" అని పిలిచింది. జవాబు లేదు. తోడల్లుడు మెల్లగా, "పేరు పెట్టి పిలవాలంట గదమ్మా," అన్నాడు. ఆమె సిగ్గుపడింది. అలాంటి చోట, అలాంటి వేళ, పెళ్లికూతురిలా సిగ్గుపడింది. తాళి కట్టించుకున్న నాటి నుంచి నోట రానివ్వని పేరది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసి, పిలిచింది. ఆ పేరు నేనిక్కడ రాయను.

దూరంగా, సముద్రం వైపు నుంచి, "ఓ...య్" అని పలికింది.

పడవ నుంచి పడవకు పల్లెవాళ్లు వేసుకునే కేకే అది. నేను వెంటనే పుస్తకం గుర్తుచేసుకున్నాను. చల్లని పొర, వంగే శబ్దం, ఎవరిదో తెప్ప. కాని ఆ కేక ఆగలేదు. మనిషి ఊపిరి అయిపోవలసిన చోట అయిపోలేదు. సన్నబడుతూ, సన్నబడుతూ, ఎక్కడా తెగకుండా సాగి, ఎప్పుడు ఆగిందో కూడా తెలియకుండా ఆగింది. తోడల్లుడు గడను ఒళ్లోకి తీసుకుని పట్టుకున్నాడు.

రెండోసారి పిలిచింది. ఈసారి పలుకు చాలా దగ్గర నుంచి వచ్చింది, కాలవకు అవతలి గట్టున నిలబడి పలికినంత దగ్గర. తెడ్డు చప్పుడు లేదు, నీటి మీద అల లేదు. ఆమె మూడోసారికి నోరు తెరిచింది. తెరిచి, రెండు చేతులతో నోరు మూసేసుకుంది. గాజులన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి.

"తిప్పండి బాబుగారూ, ఇంటికి పోదాం."

"నీ పెనిమిటి గొంతేనా అమ్మా?" అని తోడల్లుడు అడిగాడు.

"గొంతు ఆయనదేనండీ. ఊపిరే లేదు దాంట్లో." కొంగు నడుముకు దోపుకుని, "ఇంకోసారి పిలిస్తే వచ్చేస్తాడు. పలికాడని చెప్పానంటే మా మరిది ఆగడు. మా అత్తకి వాడొక్కడేనండీ. మీరిద్దరూ ఏం వినలేదు," అంది.

తోడల్లుడు, నేను చెరో తెడ్డు వేశాం. ఆమె సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు. మా వెనక పడవ గీసిన గీత కూడా అప్పటికే మాసిపోయింది.

ఒడ్డున చిన్నకొడుకు తెప్పను నీళ్లలోకి సగం దించి, తాడు చేత్తో పట్టుకుని, అన్నం మూట నడుముకు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వదినా, పలికాడా?"

"లేదయ్యా."

"మూడుసార్లూ పిలిచావా?"

"పిలిచా."

అతను తాడు వదిలేసి ఇసకలో కూలబడి ఏడ్చాడు. పెద్దలు మా వైపు చూశారు. మేమూ వింటూనే ఉన్నాం, ఏమీ లేదు, అన్నాడు తోడల్లుడు. నేను తెరచాప మడతపెట్టుకుంటూ తల ఊపాను. ఆమెను ఆడవాళ్లు లోపలికి తీసుకుపోయారు. ఆ తరవాత గాజుల చప్పుడు ఇంకోరకంగా వినబడింది. పెద్దావిడ మాత్రం వాళ్లతో వెళ్లలేదు. నా పడవ దగ్గరికి వచ్చి, తాను పాడె అన్న ఆ పడవ తెల్లని అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమెకు తెలిసిపోయిందనే ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తరవాత గ్రంథాలయంలో శబ్దం గురించి దొరికినవన్నీ చదివాను. శబ్దం ఎందుకు వంగుతుందో, ఎంత దూరం పోతుందో అన్నీ ఉన్నాయి. ఊపిరి అయిపోని గొంతు గురించి ఏ పుస్తకంలోనూ లేదు. మొగ వైపు పోయినప్పుడల్లా గాలి పడిపోతే చాలు, నేను చెవి రిక్కించి కూర్చుంటున్నానని నాకే తెలిసేది. కొన్నాళ్లకు పడవను ఏదో చెరువు పక్క హోటలువాళ్లకు అమ్మేశాను. తోడల్లుడు పోయే ముందు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

బెంజ్ సర్కిల్‌లో ఆ లారీని చూశాక ఇక ఉండబట్టక, పోయిన ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను. సిమెంటు రోడ్డు పడింది. పడవలన్నీ ఫైబరువే, అన్నిటికీ ఇంజన్లే. దారి చూపే యంత్రాలు, ఫోన్లు ఉన్నాయి, తప్పిపోయినవాళ్లు చాలామంది ఇళ్లకు చేరుతున్నారట. మంచి రోజులే. ఎండుచేపల పందిరి కింద ఇప్పుడు ఆ కోడలే కూర్చుంటోంది, జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. మరిది పడవలు మానేసి ఐసు ఫ్యాక్టరీలో చేరాడని, అత్త పోయి ఏడాది అయిందని చెప్పింది. తరవాత, చేపలు తిరగేస్తూనే, "మీ తెల్లపడవ ఉందాండీ ఇంకా?" అంది.

ఎప్పుడో అమ్మేశానని చెప్పాను.

"అమ్మేశారా!" అని, చేతిలో చేపను పక్కన పెట్టింది. "ఇంక మా ఇంట్లో నీళ్లమీదికి పోయేవాళ్లు ఎవరూ లేరండీ. వెతుకుతానని దూకేవాళ్లు లేరు. ఒకటి మిగిలిపోయింది గదా. పిలుద్దామనుకున్నా."

ఇప్పుడు పర్యాటకులను మొగ దాకా తిప్పుతున్నారు కదా, ఆడవాళ్లూ ఎక్కుతున్నారు, నేను మాట్లాడి పెడతానన్నాను. ఆమె నవ్వింది.

"ఆ ఇంజను మోతలో నేను పిలిచింది నాకే వినపడదండీ."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తూ చాలాసేపు అదే ఆలోచించాను. మా రోజుల్లో సముద్రం భయపెట్టేది, మనుషుల్ని మింగేది, అందులో అబద్ధం లేదు. కాని మనిషి ఒక పేరు పిలిచి, జవాబు కోసం ఆగితే, వినడానికి అక్కడ చోటుండేది. ఇప్పుడు ఆ మొగ మీద పగలూ రాత్రీ ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆనాడు రెండుసార్లు పలికినవాడు ఎవరైనా కానివ్వండి, మూడో పిలుపు కోసం అతనింకా అక్కడే ఆగి ఉంటే, ఆమె పిలిచినా ఆ మోతలో అతనికెలా వినబడుతుందన్నదే నా బెంగ.